వ్యంగ్య చిత్రం: గీత ఎటు, గురి ఎటు?

కార్టూను అనగానే నవ్వు తెప్పించే బొమ్మ అన్న అభిప్రాయం మనలో చాలామందికి ఉంది. దినపత్రిక చేతికి రాగానే ముందు కార్టూను చూసి, ఓ నవ్వు నవ్వి, ఆ తరువాత సినిమా పేజీకో ఆటల పేజీకో వెళ్ళిపోతాం. సంపాదకీయం జోలికి పోయేవాళ్ళు మనలో అరుదు. కాని మనం నవ్వి వదిలేసిన ఆ చిన్న బొమ్మ కూడా ఒక సంపాదకీయమే. సంపాదకుడు రెండు కాలాల్లో వ్రాసే అభిప్రాయాన్ని కార్టూనిస్టు పది గీతల్లో చెబుతాడు. అందుకే దానికి ఎడిటోరియల్ కార్టూన్ అని పేరు వచ్చింది. ఆ బొమ్మను ఎలా చదవాలి? గీయాలన్న కోరిక ఉన్నవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ రెండు ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబు చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

హాస్యం వేరు, వ్యంగ్యం వేరు

ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. అరటితొక్క మీద కాలుజారి ఒకాయన పడ్డాడు. అది గీస్తే హాస్యం. పడ్డాయన నడకలోని అవిటితనాన్ని చూపించి నవ్విస్తే అది ఎకసెక్కం. పరిశుభ్రతా వారోత్సవం ప్రారంభించడానికి వచ్చిన పెద్దమనిషి, తన వెంట వచ్చిన జనమే తిని పారేసిన తొక్క మీద జారిపడితే, అదీ వ్యంగ్యం. మూడింటిలోనూ పడటం ఒక్కటే, తొక్క ఒక్కటే. మూడోదానిలో మాత్రం చెప్పిన మాటకూ చేసిన పనికీ మధ్య ఉన్న దూరం కనబడుతుంది. ఆ దూరాన్ని కొలిచి చూపించేదే వ్యంగ్యం. నవ్వు దానికి వాహనం మాత్రమే. నవ్వు రాకపోయినా వ్యంగ్యం ఉండవచ్చు.

తెలుగువాళ్ళకు ఇది కొత్త విద్యేమీ కాదు. కాసుల పురుషోత్తమ కవి ‘ఆంధ్రనాయక శతకం’లో శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును తిడుతున్నట్టుగా తిడుతూనే పొగిడాడు. దాన్ని మనవాళ్ళు నిందాస్తుతి అన్నారు. తోలుబొమ్మలాటలో రాముడూ రావణుడూ రామాయణం మాటలే మాట్లాడతారు. మధ్యలో దూకే కేతిగాడు మాత్రం ఆ ఊరి సంగతులు, ఆ నాటి సంగతులు ఎత్తుకుంటాడు. నేటి పత్రికలో కార్టూనిస్టు చేసే పని ఆ కేతిగాడిదే.

పత్రికల్లో ఈ విద్యకు మొదట దారి వేసినవాడు తలిశెట్టి రామారావు. తొలి తెలుగు కార్టూనిస్టుగా ఆయన్ను చెప్పుకుంటాం. తరువాత ‘ఆంధ్రపత్రిక’లో బాపు వచ్చారు. 1984లో వచ్చిన ‘ఉదయం’ దినపత్రికలో మోహన్ గీసిన రాజకీయ కార్టూన్లు ఒక తరానికి పాఠాలయ్యాయి. ‘ఈనాడు’లో శ్రీధర్ సుమారు నాలుగు దశాబ్దాలు గీసి 2021లో ఆ పత్రికను విడిచారు. మన తెలంగాణ నుండి వెళ్ళిన పామర్తి శంకర్ గీసిన నెల్సన్ మండేలా క్యారికేచర్‌కు 2014లో వరల్డ్ ప్రెస్ కార్టూన్ వారి గ్రాండ్ ప్రి దక్కింది.

మన నిజామాబాదుకు కూడా ఇందులో ఒక వాటా ఉందని నేను అంటాను. నిజాం పాలన చివరి రోజుల్లో దాశరథి కృష్ణమాచార్యను మన ఖిల్లా జైల్లో పెట్టారు. వట్టికోట ఆళ్వారుస్వామి కూడా అక్కడే ఉన్నారు. కాగితం లేదు, కలం లేదు. దాశరథి బొగ్గు ముక్కతో జైలు గోడ మీద నిజాంకు వ్యతిరేకంగా పద్యాలు వ్రాశారు. అది కార్టూను కాదు, పద్యం. ఒప్పుకుంటాను. కాని నల్లని గీత, తెల్లని గోడ, ఎదురుగా అధికారం... ఈ మూడూ కార్టూనిస్టు సామగ్రే కదా! ఇంక్ బాటిల్ కంటే, ఖరీదైన కాగితం కంటే ముందు కావలసింది ఎవరికి చెబుతున్నామో తెలియటం అని ఆ గోడ చెబుతుంది.

నీళ్ళు పోసిందెవరు?

ఈ సంగతి నాకు ఆ గోడ చూసి తెలియలేదు. నా తప్పు వల్ల తెలిసింది. నేనున్న ఒక హాస్టల్లో (ఏ ఊరిదో ఇక్కడ అనవసరం) మెస్సులో పప్పు నీళ్ళలా వచ్చేది. మేమొక గోడపత్రిక నడుపుతుండేవాళ్ళం. అందులో నేనొక కార్టూను వేశాను. పప్పు గిన్నెలో వంటాయన లుంగీ ఎగ్గట్టి ఈత కొడుతుంటాడు. ఒడ్డున విద్యార్థులు గాలం వేసి కందిపప్పు బద్ద కోసం చూస్తుంటారు. రెండు రోజులు హాస్టలంతా ఒకటే నవ్వు. నా వీపు తట్టనివాడు లేడు. నేనొక పెద్ద కార్టూనిస్టునైపోయాననే అనుకున్నాను.

మూడో రోజు రాత్రి అన్నం వడ్డిస్తూ వంటాయన నా దగ్గర ఆగాడు. అందరం ఆయన్ని కాకా అనే పిలిచేవాళ్ళం. తల ఎత్తకుండానే అన్నాడు: “మంచిగనే గీసినవ్ బిడ్డా. నలభై మందికి సరిపోయే పప్పిచ్చి నూరు మందికి వండుమన్నరు. నీళ్ళయితే నిజమే. పోసింది నా చెయ్యే. గని పోయించిందెవలో అది గూడ గీయకపోతివి.”

ఆ ముద్ద నాకు దిగలేదు. నా బొమ్మలో అబద్ధం లేదు. పప్పు నీళ్ళగానే ఉంది. గీత కూడా బాగానే కుదిరింది. తప్పల్లా గురిలో ఉంది. సరుకు లెక్క కట్టేవాళ్ళు నాకు కనబడరు, కాకా రోజూ కనబడతాడు. కనబడేవాణ్ణి కొట్టాను. పైగా ఆయన తిరిగి కొట్టలేడు. మరునాడు ఆ బొమ్మ తీసేశాను గాని, నవ్విన నవ్వును వెనక్కి తీసుకోలేకపోయాను. అప్పటినుండి ఏ కార్టూను చూసినా, ఏది గీయబోయినా మొదట ఒక్కటే ప్రశ్న వేసుకుంటున్నాను: ఇక్కడ నీళ్ళు పోయించిందెవరు?

కార్టూను చదివే విద్యకు ఇదే తాళంచెవి. ఎమర్జెన్సీ రోజుల్లో, 1975 డిసెంబరు 10న ‘ఇండియన్ ఎక్స్‌ప్రెస్’లో అబూ అబ్రహాం వేసిన ప్రసిద్ధ కార్టూను చూడండి. రాష్ట్రపతి స్నానాల తొట్టిలో కూర్చుని ఉంటారు. అక్కడినుండే ఆర్డినెన్సు మీద సంతకం చేసి తలుపు దగ్గర చాచిన చేతికి అందిస్తూ, ఇంకేమైనా ఉంటే కాస్త ఆగమని చెప్పమంటారు. పైపైన చూస్తే స్నానం చేస్తున్న పెద్దమనిషి మీద హాస్యం. కాని ఆ చేతిని చూడండి. ఆ చెయ్యి ఎవరిది? చదవకుండానే సంతకాలు పెట్టించుకునేంత తొందర ఎవరికి? కార్టూనులో మొహం కనబడని ఆ మనిషి మీదికే అసలు గురి. ఆఖరి అడుగు పాఠకుడిచేత వేయించాడు అబూ. దేశంలో సెన్సార్‌షిప్ ఉన్న రోజుల్లో, ‘శంకర్స్ వీక్లీ’ వంటి పత్రిక మూతపడిన ఏడాదిలోనే ఇది అచ్చయిందంటే ఆశ్చర్యం కలుగుతుంది.

మూడు అలంకారాలు

తెలుగు పాఠంలో మనం బట్టీపట్టి పరీక్షలో వ్రాసి మరిచిపోయే అలంకారాలే కార్టూనిస్టు చేతిలో ఆయుధాలు. ముఖ్యమైనవి మూడు చెబుతాను.

మొదటిది అతిశయోక్తి. ఉన్నదాన్ని పెంచి చెప్పటం. లేనిదాన్ని పుట్టించటం మాత్రం కాదు. ముక్కు కొంచెం పొడుగున్న నాయకుడికి ముక్కు బారెడు చేయవచ్చు. గుణానికీ అంతే. దీనికి ఉదాహరణ కోసం దూరం పోనక్కరలేదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో మన నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీ చేశారు. వారిలో 178 మంది రైతులు. పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర కావాలని, పసుపు బోర్డు కావాలని వాళ్ళు నామినేషన్లు వేశారు. ఒక బ్యాలెట్ యూనిట్ మీద 16 పేర్లే పడతాయి. 185 పేర్లకు నోటా కలిపితే 186. అందుకని ప్రతి పోలింగ్ బూతులోనూ 12 యూనిట్లు వరుసగా పెట్టవలసి వచ్చింది. ఓటరు తన గుర్తు వెతుక్కుంటూ బల్ల పొడుగునా నడవాలి! ఏ కార్టూనిస్టైనా గీస్తే ‘మరీ విడ్డూరం’ అనుకునేవాళ్ళం. రైతులు గీత గీయకుండానే దేశానికి ఒక కార్టూను చూపించారు. వీరికి ముందు 1996లో నల్లగొండలో ఫ్లోరైడ్ నీటి బాధితుల గోడు వినిపించడానికి 480 మంది పోటీలో నిలిస్తే బ్యాలెట్ పుస్తకమంత అయింది. రెండుచోట్లా ఎవరినీ తిట్టలేదు. చట్టం ఇచ్చిన హక్కునే కొంచెం ఎక్కువ చేసి చూపించారు. చివరకు 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైంది.

రెండవది రూపకం. ఒకదాన్ని మరొకటిగా చూపించటం. ఆలస్యానికి నత్త, ధరలకు గాలిపటం, ప్రభుత్వానికి ఎడ్లబండి. ఇది తేలికైన ఆయుధంలా కనబడుతుంది గాని జాగ్రత్తగా పట్టుకోకపోతే చేయి తెగుతుంది. రాజ్యాంగ రచన ఆలస్యమవుతోందని 1949లో శంకర్ ఒక కార్టూను వేశారు. రాజ్యాంగమనే నత్త మీద డాక్టర్ అంబేద్కర్ కూర్చుని ఉంటారు, వెనుక నెహ్రూ కొరడా పట్టుకుని ఉంటారు. పదకొండో తరగతి రాజనీతి శాస్త్రం పాఠ్యపుస్తకంలో ఉన్న ఆ బొమ్మ మీద 2012 మే నెలలో పార్లమెంటులో గొడవ జరిగి, దాన్ని తొలగించారు. కొరడా అంటే తొందరపెట్టడమనే ఆయన ఉద్దేశమని కొందరన్నారు. కావచ్చు. కాని తరతరాలుగా కొరడా దెబ్బ తిన్నవాళ్ళ పిల్లలు ఆ బొమ్మ చూస్తే కొరడా కొరడాగానే కనబడుతుంది. తరగతిలో పక్కన కూర్చున్నవాడు నవ్వితే ఆ నవ్వు ఎవరి మీద పడుతుంది? పాఠం నుండి బొమ్మను తీసేయాలా, ఉంచి చర్చించాలా అన్నది వేరే వాదం. గీసేవాడు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోవాలి. సంకేతం అర్థం కలంలో ఉండదు, చూసేవాడి అనుభవంలో ఉంటుంది.

మూడవది వ్యాజస్తుతి. పొగుడుతున్నట్టు తిట్టడం, తిడుతున్నట్టు పొగడటం. 1939 సెప్టెంబరులో హిట్లరూ స్టాలినూ పోలండును చెరో వైపునుండీ ఆక్రమించినప్పుడు డేవిడ్ లో అనే కార్టూనిస్టు లండన్ పత్రికలో ఒక బొమ్మ వేశాడు. ఇద్దరూ టోపీలు తీసి, నడుం వంచి, ఎంతో మర్యాదగా నమస్కరించుకుంటారు. ఆ మర్యాదలోనే ఒకరినొకరు ఘోరంగా తిట్టుకుంటారు. ఇద్దరి మధ్యా నేల మీద ఒక శవం పడి ఉంటుంది. వంగిన నడుములు పెదవులతో నవ్విస్తే, ఆ శవం నవ్వును ఆపేస్తుంది. మంచి వ్యంగ్యం లక్షణం అదే.

ఒక కార్టూను కట్టి చూద్దాం

సిద్ధాంతం చాలు. మనకు తెలిసిన సంగతి మీద ఒక కార్టూను ఎలా పుడుతుందో చూద్దాం. బోధన్ శక్కర్‌నగర్ సంగతి తీసుకుందాం. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీకి ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదన్న పేరుండేది. నిజాంసాగర్ కాల్వ నీళ్ళతో పండిన చెరకు బండ్ల మీద, లారీల మీద ఆ గేటు ముందు బారులు తీరేది. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళింది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించి మూసేశారు. తెరిపిస్తామన్న మాట ఎన్నికలప్పుడల్లా వినబడుతూ వచ్చింది. 2024లో పునరుద్ధరణ కోసం రాష్ట్ర ప్రభుత్వం ఒక కమిటీని కూడా వేసింది. ఇంత సంగతినీ ఒక్క చట్రంలో ఎలా పెట్టాలి?

నూరు కిలోల చెరకు ఆడితే పది కిలోలకు అటూఇటుగా చక్కెర వస్తుంది. తక్కినదంతా నీరూ, పిప్పీ, మడ్డీ. వార్త కూడా అంతే. చాలా భాగం వదిలేస్తేగాని కార్టూను రాదు.

మొదటి ప్రయత్నం. తాళం వేసిన గేటు, ముందు తలపట్టుకుని కూర్చున్న కార్మికుడు. కింద ‘అయ్యో!’ అని ఒక మాట. ఇందులో జాలి ఉంది, వ్యంగ్యం లేదు. చూసినవాడు నిట్టూర్చి పేజీ తిప్పేస్తాడు. ఎవరినీ ఏమీ అడగదు ఈ బొమ్మ.

రెండో ప్రయత్నం. తాళం వేసిన గేటు ముందు ఒక అధికారి అడుగుతాడు: “బోధన్లో షుగర్ లేదంటున్నారు, నిజమేనా?” కార్మికుడు ఆస్పత్రి చీటీ చూపిస్తాడు: “ఎవలన్నరు సారూ? మా ఇంట్ల ముగ్గురికున్నది!” బాగుంది, నవ్వొస్తుంది. షుగరంటే చక్కెర, షుగరంటే మన ఇంటింటి జబ్బు. కాని ఆగి, కాకా ప్రశ్న వేసుకోండి. నవ్వు ఎవరి మీద పడింది? పని పోయి, జబ్బు పడిన మనిషి మీద. అడిగిన అధికారికి గీత కూడా తగలలేదు. ఆయన కూడా మనతోపాటు నవ్వుకుంటూ జీపెక్కి వెళ్ళిపోతాడు.

మూడో ప్రయత్నం. అదే గేటు. తాళానికి తుప్పు పట్టింది. పొగగొట్టం మీద కొంగ గూడు కట్టింది. అంటే ఏళ్ళు గడిచాయని మాట అవసరం లేకుండా చెప్పాం. గేటు ముందు గొడుగు నీడలో కుర్చీ వేసుకుని అధికారి కూర్చున్నాడు. కార్మికుడు మాట్లాడడు, ఆస్పత్రి చీటీ మాత్రం చేతిలో ఉంది. అధికారి దాన్ని చూసి, పక్కనున్న గుమాస్తాతో సంతోషంగా అంటాడు: “షుగర్ ఉందన్నమాట! రాసుకోవయ్యా, బోధన్లో లోటు లేదు.” చూశారా? మాట అదే, చీటీ అదే. పలికే నోరు మారింది. దాంతో గురి మారింది. ఇప్పుడు నవ్వు కార్మికుణ్ణి దాటి, కళ్ళెదుట తాళం ఉన్నా కాగితం మీద లెక్క సరిచేసుకునే బుద్ధి మీద పడింది. రెండోదానికీ మూడోదానికీ మధ్య ఉన్నది బొమ్మ గీసే నైపుణ్యం కాదు, ఆలోచన.

గీసేవారికి నాలుగు మాటలు

బొమ్మలు రావని వెనకాడనక్కరలేదు. ముందు పెన్సిలుతో అగ్గిపెట్టెంత చిత్తులు ఐదారు గీసుకోండి. అందులో ఒక్కటే పనికొస్తుంది. తరువాత గీతను నల్లగా, దిట్టంగా వేయండి, సన్నని గీతలు అచ్చులో చచ్చిపోతాయి. ఒక కార్టూనులో ఒక్కటే సంగతి చెప్పండి. వ్యాఖ్య ఎంత తగ్గితే అంత మంచిది. ఆర్.కె.లక్ష్మణ్ 1951లో సృష్టించిన సామాన్యుడు గళ్ళ కోటుతో, పంచెతో అర్ధశతాబ్దం పైగా అన్నీ చూస్తూ నిలబడ్డాడే గాని నోరు విప్పలేదు. ఆయన మౌనమే వ్యాఖ్యానం.

ఆధారం లేని ఆరోపణ గీయకండి. ‘కార్టూనే కదా’ అన్న సాకు పరువునష్టం కేసులో నిలబడదు, మనస్సాక్షి ముందు అసలే నిలబడదు. మనిషి రంగు, అంగవైకల్యం, కులం, ఆడపిల్ల ఒళ్ళు... వీటి మీద గీత పెడితే అది ఎకసెక్కమే గాని వ్యంగ్యం కాదు. మొబైల్ ఫోన్లలో రోజూ మనకు వచ్చిపడే బొమ్మల్లో అధిక భాగం ఇదే సరుకు. ముందుకు తోసేముందు ఒక్క నిమిషం ఆగితే మంచిది.

అలాగని భయపడి ఊరుకోమని నేను చెప్పటం లేదు. రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం వాక్ స్వాతంత్ర్యం ఇచ్చింది, దానికి 19(2)లో హద్దులూ పెట్టింది. 2012 ఏప్రిల్లో ఒక కార్టూనును ఇతరులకు పంపినందుకు బెంగాల్లో ఒక ప్రొఫెసరును అరెస్టు చేశారు. ఇలాంటి కేసులకు ఆధారంగా వాడిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టివేసింది. ‘శంకర్స్ వీక్లీ’ని 1948లో ప్రారంభిస్తూ తనను కూడా వదలవద్దని నెహ్రూ శంకర్‌ను కోరారు. పాలకులు అంత పెద్దమనసు చూపినా చూపకపోయినా, అడగటం మన పని.

మిత్రులారా! నిరుడు మన గోడపత్రిక బోర్డు మీద పరీక్షల టైంటేబులు తప్ప ఏమీ కనబడలేదు. ఈ ఏడైనా దాని మీద ఒక నల్లని గీత పడాలని నా కోరిక. మొదటి బొమ్మ ఎవరు వేసినా సరే, అతికించేముందు కాలేజీ గేటు దగ్గర చాయ్ అమ్మే మనిషికో, మెస్సులో వడ్డించే మనిషికో ఒకసారి చూపించండి. వాళ్ళు నవ్వితే అతికించండి. తల దించుకుంటే మాత్రం కాగితం వెనక్కి తీసుకుని, నీళ్ళు పోయించిందెవరో కనుక్కుని మళ్ళీ గీయండి. ఆ హాస్టల్లో నేను చేయని పని అదే.